బరంపురం నుంచి విదేశీ ఉద్యోగానికి: ఇంగ్లీషు రుజువుకు ఎవరికి ఏ పరీక్ష?

మా తమ్ముడికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో తొమ్మిదికి ఏడున్నర వచ్చిన రోజు అమ్మ వీధిలో ప్రతి ఇంటికీ స్వీట్లు పంచింది. నెల తిరక్కముందే వాడు అదే స్కోరు కార్డు ముందు పెట్టుకుని మాటాపలుకూ లేకుండా కూర్చున్నాడు. కెనడాలో శాశ్వత నివాసానికి (పీఆర్) ఆన్‌లైన్‌లో పోటీపడే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ నింపబోతే అసలు సంగతి తెలిసింది. వాడు రాసింది పైచదువుల కోసం ఉండే అకడమిక్ రకం. కెనడా ఒప్పుకునేది జనరల్ ట్రైనింగ్. కోచింగ్ ఇచ్చినాయన "అకడమిక్ రాస్తే ఎక్కడికైనా పనికొస్తుంది" అన్నాడు, మేం నమ్మాం. ఫీజు పోయింది. నాలుగు నెలలు గ్రాఫులను వర్ణించడం నేర్చుకున్నవాడు మళ్లీ మొదటినుంచి ఉత్తరాలు రాయడం నేర్చుకోవాల్సి వచ్చింది.

నేను బరంపురంలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా పిల్లలు వస్తారు. నర్సులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, సివిల్ ఇంజినీర్లు, ఐటీఐ చదివిన వెల్డర్లు. అందరూ మొదటిరోజు అడిగేది ఒకటే: "మేడమ్, ఏ పరీక్ష ఈజీ?" ఆ ప్రశ్నకు ముందు ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఏ దేశం? ఏ వీసా? ఈ రెండూ తేలకుండా పరీక్షకు డబ్బు కట్టొద్దని బతిమాలి చెబుతాను. ఐఈఎల్‌టీఎస్ అయినా, పూర్తిగా కంప్యూటర్ మీద రాసే పీటీఈ అయినా ఒక్కసారి రాయడానికి సుమారు పద్దెనిమిది వేల రూపాయలు. నర్సులు, డాక్టర్ల లాంటి వైద్యరంగం వాళ్లు రాసే ఓఈటీకి దాదాపు రెట్టింపు. మన ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు.

పేర్లు ఒకటే, పరీక్షలు వేరు

చిక్కంతా పేర్లలో ఉంది. ఐఈఎల్‌టీఎస్ అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో అకడమిక్ వేరు, జనరల్ ట్రైనింగ్ వేరు. ఆ రెండింటికీ మళ్లీ "ఫర్ యూకేవీఐ", అంటే యూకే వీసాల కోసం, అని ఇంకో రకం ఉంది. ప్రశ్నల తీరు మామూలు ఐఈఎల్‌టీఎస్ లాంటిదే. కానీ యూకే హోమ్ ఆఫీసు ఆమోదించిన సెంటర్లో, వాళ్ల నిబంధనల ప్రకారం రాయాలి. యూకే ఉద్యోగ వీసా అయిన స్కిల్డ్ వర్కర్ వీసాకు పరీక్ష ద్వారా ఇంగ్లీషు రుజువు చూపించేవాళ్లకు మామూలు ఐఈఎల్‌టీఎస్‌లో తొమ్మిదికి తొమ్మిది వచ్చినా లెక్కలోకి రాదు. పీటీఈలో కూడా ఇదే గొడవ. పీటీఈ అకడమిక్ ఆస్ట్రేలియాకు పనికొస్తుంది, కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి పనికిరాదు. కెనడాకు పీటీఈ కోర్ కావాలి. 2024 జనవరి 30 నుంచి దాన్ని తీసుకుంటున్నారు. యూకేకైతే పీటీఈ అకడమిక్ యూకేవీఐ అని ప్రత్యేకంగా బుక్ చేసుకోవాలి.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ఇంగ్లీషులో మూడే దారులు: ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, కెనడా వాళ్ల పరీక్ష సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్. యూకే ఆమోదించిన పరీక్షల్లో మన దేశంలో ఉండి రాయదగ్గవి ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ, పీటీఈ అకడమిక్ యూకేవీఐ, లాంగ్వేజ్‌సర్ట్, పీఎస్‌ఐ వాళ్ల స్కిల్స్ ఫర్ ఇంగ్లీష్. ఆస్ట్రేలియా చాలావాటిని ఒప్పుకుంటుంది: ఐఈఎల్‌టీఎస్ రెండు రకాలూ, పీటీఈ అకడమిక్, ఓఈటీ, సెల్పిప్ జనరల్, ఇంకొన్ని. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసే రకాలను మాత్రం ఒప్పుకోదు.

ఇక్కడిదాకా చదివి ఆపేసినా ఫర్వాలేదు. మీ దేశం పక్కన ఉన్న పేరును అక్షరం తేడా లేకుండా ఒక కాగితం మీద రాసుకుని, బుకింగ్ చేసేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టుకోండి.

యూకే: పరీక్ష రాయకుండా పోయే దారి ఉందేమో ముందు చూడండి

యూకేకి వెళ్లాలనుకునే బీటెక్ పిల్లలు చాలామంది నేరుగా కోచింగ్‌లో చేరిపోతారు. వాళ్లకు ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఆ దారిలో కోచింగ్ ఫీజు లేదు. మీరు డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆ డిగ్రీ యూకే బ్యాచిలర్స్‌కు సమానమైతే, అదే మీ ఇంగ్లీషుకు రుజువు. కాకపోతే ఆ రెండు మాటలూ మీరు చెబితే చెల్లవు, మీ కాలేజీ చెప్పినా చాలదు. ఎక్టిస్ అనే సంస్థ పరిశీలించి ధ్రువీకరించాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. డిగ్రీ సర్టిఫికెట్, మార్కుల జాబితాలు, ఇంగ్లీషులోనే బోధన జరిగిందని చెప్పే లెటర్ సిద్ధం చేసుకోవాలి.

ఆ లెటర్ దగ్గరే మన పిల్లలు ఆగిపోతారు. కాలేజీ క్లర్కు చేతిరాతతో రెండు వాక్యాలు రాసి స్టాంపు వేసి ఇచ్చింది చాలనుకుంటారు. లెటర్‌హెడ్ మీద, మీ పేరు, రోల్ నంబరు, కోర్సు, చదివిన సంవత్సరాలు, బోధన, పరీక్షలు రెండూ ఇంగ్లీషులోనే జరిగాయన్న మాట, సంతకం చేసినవారి హోదా, అన్నీ ఉండేలా అడగండి. వీలైతే యూనివర్సిటీ నుంచే తీసుకోండి. బరంపురం యూనివర్సిటీ అయితే భంజబిహార్ మనకు పక్కనే. బీపీయూటీ (బిజూ పట్నాయక్ టెక్నాలజీ యూనివర్సిటీ) కింద చదివినవాళ్లకు యూనివర్సిటీ ఉన్నది రూర్కెలాలో, కాబట్టి కాస్త ముందే మొదలుపెట్టాలి. సరిహద్దు దాటి శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో చదివిన మనవాళ్లు కూడా చాలామందే, వాళ్లు అటు వెళ్లి అడగాలి.

ఈ దారిలో నాకు నచ్చేది ఇంకొకటి ఉంది. యూకేకి పరీక్ష స్కోరుకు రెండేళ్ల గడువు ఉంటుంది. డిగ్రీకి గడువు తీరదు. ఉద్యోగం, స్పాన్సర్‌షిప్ దొరకడానికి ఎంతకాలం పడుతుందో మన చేతిలో లేనప్పుడు, గడువు లేని రుజువు దగ్గర ఉండటం ఎంత టెన్షన్ తగ్గిస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి యూకేకి వెళ్లే ఇంగ్లీషు మీడియం డిగ్రీవాళ్లకు నా సలహా: ముందు ఎక్టిస్ ప్రయత్నించండి, అది కుదరకపోతేనే పరీక్ష.

పాలిటెక్నిక్ డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఈ వెసులుబాటు లేదు. వాళ్లకు నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2025 జూలై 22 నుంచి యూకే స్కిల్డ్ వర్కర్ వీసా చాలావరకు డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితమైంది, సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లకు పెరిగింది. విదేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడం కూడా అదే రోజు ఆగిపోయింది. "కేర్ వర్కర్ వీసా, ఇంగ్లీషు మేం చూసుకుంటాం" అని ఎవరైనా ఏజెంటు ఇంటికొస్తే తలుపు వేసేయండి.

పరీక్షే రాయాల్సివస్తే కావాల్సిన స్థాయి కూడా మారింది. ఇదివరకు భాషాస్థాయిని కొలిచే యూరప్ మెట్లలో బీ1 చాలేది, అంటే ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐలో ఒక్కో విభాగంలో 4. 2026 జనవరి 8 నుంచి కొత్తగా ఈ వీసాకు దరఖాస్తు చేసేవాళ్లకు దాని పైమెట్టు బీ2 కావాలి. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింటిలోనూ 5.5. పీటీఈ అకడమిక్ యూకేవీఐలో నాలుగింటిలోనూ 59. మొత్తం సగటు బాగుంది కదా అంటే కుదరదు, ఒక్క దాంట్లో తగ్గినా మళ్లీ రాయాలి. కోచింగ్ సెంటర్ల గోడల మీద ఇంకా పాత నంబర్లే కనిపిస్తుంటాయి. వాటిని చూసి తయారీ ఆపేయకండి.

నర్సుల లెక్క వేరు

మా పిన్ని కూతురు నర్సు. యూకే వెళ్లడానికి ఒకసారి ఎన్‌ఎంసీ (అక్కడి నర్సుల, మిడ్‌వైఫ్‌ల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కోసం పరీక్ష, మరోసారి వీసా కోసం పరీక్ష రాయాలేమో అని భయపడింది. అక్కర్లేదు. నర్సులు, మిడ్‌వైఫ్‌లు, డాక్టర్లు, డెంటిస్టులు, పశువైద్యులు తమ వృత్తి నియంత్రణ సంస్థ ఒప్పుకున్న ఇంగ్లీషు పరీక్ష పాసైతే, స్కిల్డ్ వర్కర్ వీసాకు విడిగా ఇంగ్లీషు రుజువు చూపించనక్కర్లేదు. ఒక్క పరీక్షతో రెండు పనులు.

ఎన్‌ఎంసీ రెండు పరీక్షలను ఒప్పుకుంటుంది. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అయితే మొత్తం మీద 7, చదవడం, వినడం, మాట్లాడటంలో 7 చొప్పున, రాయడంలో 6.5. ఓఈటీ అయితే చదవడం, వినడం, మాట్లాడటంలో బీ గ్రేడ్, అంటే 350, రాయడంలో సీ ప్లస్, అంటే 300. కాగితం మీద రెండూ సమానంగానే కనిపిస్తాయి. నా దగ్గర చదివిన నర్సుల్ని చూశాక మాత్రం నేను ఓఈటీ వైపే మొగ్గుతాను. ఐఈఎల్‌టీఎస్‌లో వాళ్లను అంతరిక్షయానం గురించో నగరాల్లో ట్రాఫిక్ గురించో వ్యాసం రాయమంటారు. ఓఈటీలో ఒక రోగి కేసు నోట్స్ ఇచ్చి, రిఫరల్ లెటరో డిశ్చార్జ్ లెటరో రాయమంటారు. మాట్లాడే పరీక్షలో ఎదుటి మనిషి రోగిగానో రోగి బంధువుగానో నటిస్తారు. డ్యూటీలో పదేళ్లు చేసిన పనినే ఇంగ్లీషులో చేయడం అది. పొద్దున్నే వార్డులో ఇరవైమందిని చూసి వచ్చే అమ్మాయికి ఆ భాష నోట్లోనే ఉంటుంది.

ఫీజు ఎక్కువ, నిజమే. కానీ ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ఆరు దగ్గర మూడుసార్లు ఆగిపోయినవాళ్లను చూశాను. మూడు ఫీజులు కలిపితే ఓఈటీ కంటే ఎక్కువే అయింది. ఒక మినహాయింపు: మీ చూపు కెనడా పీఆర్ మీద ఉంటే ఓఈటీ రాయొద్దు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దాన్ని ఒప్పుకోదు.

కెనడా: అర బ్యాండ్ విలువ

కెనడాలో ఏ మినహాయింపూ లేదు. ఇంగ్లీషు మీడియం చదివినా, ఎంఏ ఇంగ్లీషు చేసినా, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్‌కు అందరూ పరీక్ష రాయాల్సిందే. అందులోని ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలో కనీస అర్హత సీఎల్‌బీ 7. సీఎల్‌బీ అంటే కెనడా వాళ్ల భాషాస్థాయి కొలమానం. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్‌లో అది నాలుగింటిలోనూ 6. చాలామంది ఆరు రాగానే ఊపిరి పీల్చుకుంటారు. ఆరు గేటు దాటిస్తుంది, అంతే. లోపల పోటీ పాయింట్లతో. 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లు కూడా తీసేశారు కాబట్టి భాష బరువు ఇంకా పెరిగింది.

గురి పెట్టాల్సింది సీఎల్‌బీ 9. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినడంలో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున. ఎందుకంత పట్టుబడుతున్నానో ఒక లెక్కతో చెబుతాను. పెళ్లికాని ఒక అబ్బాయి, ఒక బ్యాచిలర్స్ డిగ్రీ, ఇక్కడ మూడేళ్లు దాటిన ఉద్యోగ అనుభవం. అతనికి వినడం 8, చదవడం 7, మాట్లాడటం 7 వచ్చి రాయడంలో మాత్రం 6.5 వచ్చిందనుకుందాం. రైటింగ్ ఒక్కటే సీఎల్‌బీ 8లో పడింది. ఆ విభాగంలో 31 రావాల్సిన చోట 23 వస్తాయి, పోయినవి 8. అంతటితో అయిపోదు. చదువును భాషతో కలిపి ఇచ్చే పాయింట్లకు నాలుగూ సీఎల్‌బీ 9 ఉండాలి, లేనందుకు 25 బదులు 13. విదేశీ అనుభవాన్ని భాషతో కలిపి ఇచ్చేవి 50 బదులు 25. మొత్తం 45 పాయింట్లు, ఒక్క అర బ్యాండ్, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో అర మార్కు వల్ల. ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించిన అనుభవానికి పూర్తి విలువ కట్టించేది ఆ అర బ్యాండే.

అందుకే కెనడా వాళ్లు పరీక్ష ఎంచుకునేటప్పుడు "నాకు రాయడం ఎలా వస్తుంది" అన్నదే ముందు చూసుకోవాలి. ఇక్కడ పీటీఈ కోర్ గురించి ఊళ్లో ఒక అపోహ ఉంది, మెషీన్ మార్కులు వేస్తుంది కాబట్టి ఈజీ అని. సీఎల్‌బీ 9కి పీటీఈ కోర్‌లో వినడం 82, చదవడం 78, మాట్లాడటం 84, రాయడం 88 కావాలి. పరీక్ష మొత్తమే 90కి. రాయడంలో 88 అంటే తప్పుకు దాదాపు చోటే లేదు. స్పెల్లింగ్, గ్రామర్ నిక్కచ్చిగా ఉన్నవాళ్లకు అది సాధ్యమే. అక్కడక్కడ ఆర్టికల్ జారిపోయినా మంచి ఆలోచనతో నెట్టుకొచ్చేవాళ్లకు ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ 7 దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ మనిషి చదివి, వాదన ఎలా నడిచిందో కూడా చూస్తారు. సీఎల్‌బీ 7 చాలు అనుకునేవాళ్లకు పీటీఈ కోర్ నిజంగానే అందుబాటులో ఉంటుంది: వినడం, చదవడం 60 చొప్పున, మాట్లాడటం 68, రాయడం 69.

సెల్పిప్‌ను మన వైపు పెద్దగా పట్టించుకోరు. నాకది కాస్త అన్యాయమనిపిస్తుంది. దాని లెవెల్ నంబరే సీఎల్‌బీ నంబరు, కాబట్టి లెక్క తికమక లేదు. రైటింగ్‌లో ఒక ఈమెయిల్, ఒక సర్వేకు జవాబు. అన్నీ రోజువారీ విషయాలే. కంప్యూటర్ మీద వేగంగా టైపు చేసే ఐటీ పిల్లలకు బాగా నప్పుతుంది. ఉచ్చారణ అంతా కెనడా తీరు, అమెరికన్ క్లయింట్లతో ఫోన్లు మాట్లాడేవాళ్లకు అది సులువే. సెంటర్లు తక్కువ, దూరం వెళ్లాలి.

ఐటీఐ చదివిన వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ దారిలో వెళ్తే భాష మెట్టు చాలా కింద ఉంటుంది. మాట్లాడటం, వినడం సీఎల్‌బీ 5, చదవడం, రాయడం సీఎల్‌బీ 4. ఐఈఎల్‌టీఎస్‌లో వరుసగా 5, 5, 3.5, 4. కష్టం భాషలో కాదు, అక్కడి ఉద్యోగ ఆఫర్‌లోనో అక్కడి ట్రేడ్ సర్టిఫికెట్‌లోనో ఉంటుంది. ఆ రెండింటిలో ఒకటి దారిలో ఉందని తేలాకే పరీక్షకు డబ్బు పెట్టండి.

ఆస్ట్రేలియా: పాత 65, 79 మరిచిపోండి

ఆస్ట్రేలియాలో పాయింట్ల మీద నడిచే 189, 190, 491 నైపుణ్య వీసాలకు ఇంగ్లీషులో కనీసం కాంపిటెంట్ స్థాయి కావాలి, దానికి పాయింట్లు రావు. పై స్థాయి ప్రొఫిషియెంట్‌కు 10, ఆపైది సుపీరియర్‌కు 20. ఐఈఎల్‌టీఎస్‌లో ఇవి నాలుగింటిలోనూ 6, 7, 8. పీటీఈలో ఇదివరకు 50, 65, 79 అని ఒక్కో నంబరు ఉండేది, మన పిల్లలందరికీ కంఠతా వచ్చేది. 2025 ఆగస్టు 7 నుంచి రాసిన పరీక్షలకు ఒక్కో విభాగానికి వేరు వేరు నంబర్లు. ప్రొఫిషియెంట్‌కు వినడం 58, చదవడం 59, రాయడం 69, మాట్లాడటం 76. సుపీరియర్‌కు 69, 70, 85, 88. గమనించారా, వినడం, చదవడం తేలికయ్యాయి, రాయడం, మాట్లాడటం బిగుసుకున్నాయి. ఇదివరకు పీటీఈ స్పీకింగ్‌లో బట్టీ పట్టిన మూసలతో నెట్టుకొచ్చినవాళ్లకు ఆ దారి మూసుకుపోతోంది.

మన సరిహద్దు పిల్లలకు ఈ మార్పు మంచిది కాదు, ఎందుకో కింద చెబుతాను. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు ఇప్పుడు ఐఈఎల్‌టీఎస్, పీటీఈ రెండింటి మోడల్ పేపర్లూ ఒక్కోటి రాసి చూసుకుని అప్పుడు తేల్చుకోండి. ఒక సౌకర్యం మాత్రం ఉంది: ఈ వీసాలకు మూడేళ్ల లోపు స్కోరు చెల్లుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్క విభాగాన్నే మళ్లీ రాసే వీలును కూడా ఆస్ట్రేలియా ఒప్పుకుంటుంది. అన్ని దేశాలూ ఒప్పుకోవు, కాబట్టి వేరే దేశానికి ఆ వీలు మీద భరోసా పెట్టుకుని డబ్బు కట్టొద్దు.

మనిషి ముందా, మైకు ముందా

ఇది మన ప్రాంతం వాళ్లకు ఎక్కువ వర్తించే మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. అప్పటినుంచీ మన ఇళ్లలో తెలుగు, బజారులో, బడిలో ఒడియా, సినిమాల్లో హిందీ. ఇంగ్లీషు పుస్తకంలో మాత్రమే. అందుకని మన పిల్లలకు చదవడం బాగా వస్తుంది, వ్యాకరణం ఫర్వాలేదు, నోరు విప్పేటప్పుడు మాత్రం తలలో మూడు భాషలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మాట మధ్యలో ఆగుతాం, మొదలుపెట్టిన వాక్యాన్ని వదిలి ఇంకోటి అందుకుంటాం. తెలుగు అలవాటుతో మాట చివర అచ్చు కలుపుతాం: బస్సు, బుక్కు, రోడ్డు. ఒడియా బడిలో చదివినవాళ్ల నోట "వెరీ" అన్న మాట "భెరీ" అవుతుంది.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో ఎదురుగా మనిషి ఉంటారు. 11 నుంచి 14 నిమిషాలు. ఒక విషయం ఇచ్చి నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. మీరు తడబడితే ఆ మనిషి తర్వాతి ప్రశ్న అడుగుతారు, సంభాషణ మళ్లీ సాగుతుంది. యాస ఉంటే తప్పు కాదు, అర్థమైతే చాలు. పీటీఈలో ఎదురుగా కంప్యూటర్, చెవులకు హెడ్‌ఫోన్, పక్క సీటులో ఇంకొకరు గట్టిగా మాట్లాడుతుంటారు. బొమ్మను వర్ణించమన్నప్పుడు మూడు సెకన్లు మౌనంగా ఉంటే మైకు ఆగిపోతుంది. మనకు ఆలోచించడానికి ఆగే అలవాటుందే, అది అక్కడ నేరుగా మార్కుల మీద పడుతుంది.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు పిల్లలు కొత్త మనిషి కళ్లలోకి చూస్తే చాలు, వణికిపోతారు. ముఖ్యంగా ఇంట్లో, కాలేజీలో పెద్దగా మాట్లాడనివ్వని ఆడపిల్లలు. పర్లాకిమిడి నుంచి వచ్చే ఒకమ్మాయి నా ముందే గొంతు పెగల్చలేకపోయేది. ఫోన్లో రికార్డు చేసి పంపమంటే చక్కగా మాట్లాడేది. ఆమెకు పీటీఈ చెప్పాను, మొదటిసారే కావాల్సింది వచ్చింది. కాబట్టి మీరు ఎవరో తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేయండి. ఒకే విషయం మీద రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేయండి, తర్వాత ఇంగ్లీషు వచ్చిన ఒక పెద్దాయన ముందు కూర్చుని అదే చెప్పండి. ఎక్కడ తక్కువ ఆగారో అదే మీ పరీక్ష.

భువనేశ్వర్‌కా, విశాఖకా

సెంటర్ ఎంపిక కూడా చిన్న విషయం కాదు. బరంపురం, ఛత్రపురం వాళ్లకు భువనేశ్వర్ దగ్గర, రైల్లో మూడు గంటల మాట. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వాళ్లకు విశాఖే నయం. యూకేవీఐ రకాలకు సెంటర్లూ తేదీలూ తక్కువగా ఉంటాయి. దొరక్కపోతే హైదరాబాద్ ప్రయాణానికి సిద్ధపడండి. కోణార్క్, విశాఖ, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు బరంపురంలో ఆగుతాయి. పరీక్ష ముందురోజే ఊరు చేరండి. రాత్రి రైలు దిగి నేరుగా పరీక్షకు పోయినవాళ్లు లిజనింగ్‌లో నిద్రపోవడం నాకు తెలుసు.

అక్టోబరు నెలలో చివరి గడువు పెట్టుకోకండి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. తుపాను వస్తే ఈ లైనులో రైళ్లు ఆగిపోతాయి, పరీక్ష తేదీ మన కోసం ఆగదు.

పాస్‌పోర్టు గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆధార్ తీసుకెళ్తే ఐఈఎల్‌టీఎస్, పీటీఈ హాలులోకి రానివ్వరు. బుకింగ్‌లో ఇచ్చిన అదే పాస్‌పోర్టు, ఒరిజినల్, గడువు తీరనిది ఉండాలి. మన తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, సర్టిఫికెట్లలో అది ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. ఒడిశా బడుల్లో అందరికీ ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి మాస్టార్లు మన పేర్లను కూడా కొన్నిసార్లు తిరగేసి రాస్తారు. దాంతో పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, డిగ్రీలో ఒకలా, పాస్‌పోర్టులో మరోలా పేరుంటుంది. స్కోరు కార్డు మీద వచ్చేది పాస్‌పోర్టు పేరు. పాస్‌పోర్టులో మార్పు చేయించాల్సివుంటే పరీక్షకు ముందే చేయించండి. పరీక్ష రాశాక పాస్‌పోర్టు కొత్తదైతే పాతదాన్ని పారేయకుండా దాచండి.

తేదీ ఎప్పుడు పెట్టుకోవాలన్నది చివరి ముడి. కెనడాకు స్కోరు ప్రొఫైల్ వేసినరోజే కాక, ఆహ్వానం వచ్చాక పీఆర్ దరఖాస్తు పంపేరోజున కూడా చెల్లుబాటులో ఉండాలి. స్కోరు చెల్లే రెండేళ్లలో చదువుల మదింపు (మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చడం), ప్రొఫైల్, ఎదురుచూపు అన్నీ పట్టాలి. అందుకే మా తమ్ముడికి రెండోసారి ముందు చదువుల మదింపుకు కాగితాలు పంపించమన్నాను. అవి దారిలో పడ్డాకే జనరల్ ట్రైనింగ్‌కు తేదీ తీసుకున్నాడు. నాలుగు నెలలు రోజుకో ఉత్తరం రాసి నాకు చూపించాడు: ఇంటి ఓనరుకు ఫిర్యాదు, మేనేజరుకు సెలవు చీటీ, స్నేహితుడికి పెళ్లి పిలుపు. రైటింగ్‌లో 7 వచ్చింది. అమ్మ ఈసారి స్వీట్లు పంచేముందు నన్ను పిలిచి, "ఇది సరైనదేనా, చూసి చెప్పవే" అని కార్డు చేతికిచ్చింది. పైన ఉన్న పేరు, పరీక్ష రకం, తేదీ మూడూ వేలు పెట్టి చదివి, సరైనదేనని చెప్పాను.